రాసింది మానుకోట బిడ్డ

"సదువు బేటా," అంటూ బాబామియా కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నాడు. "ఇయ్యాల ఎన్నొచ్చినయి?"

పోశాలు కంప్యూటర్ తెర మీద చూసుకున్నాడు. ముప్పై ఎనిమిది కామెంట్లు. నిన్న ఈ వేళకు పంతొమ్మిదే ఉన్నాయి.

"కొత్తయి ఏం లేవు చిచ్చా. అన్ని పాతయే."

"పాతయే సదువు. మొట్టమొదటిది సదువు. ఇంటుంటె మనిషిని గుర్తువట్టొచ్చు."

పోశాలు మంచినీళ్లు తాగాడు. సీసా మూత బిగించాడు, మళ్లీ తీసి మళ్లీ తాగాడు. సీసాలో చుక్క మిగలకపోయాక ఇక తప్పదని చదివాడు.

"దీక్షా శిబిరం టెంటు ఊడవీకి ద్రోహి ఇంటి ముందట ఏసిండు బాబామియా. ప్యాకెట్ ఎంత ముట్టిందో అడుగుండ్రి. ఇన్ని దినాలు ఫ్రీగ ఏసిండంటె ఏందో అనుకున్నం, గిందుకన్నట్టు. ఇట్లు, మానుకోట బిడ్డ."

బాబామియా కళ్లు మూసుకుని విన్నాడు. దూరదేశం నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఎవరితోనో చదివించుకుంటున్నంత శ్రద్ధగా విన్నాడు. ఆయనకు ఉర్దూ తప్ప మరోటి చదవడం రాదు. కంప్యూటరంటే అసలే భయం. అందుకే నాలుగు రోజులుగా మధ్యాహ్నం నమాజు కాగానే స్టేషన్ రోడ్డులోని ఈ ఇంటర్నెట్ సెంటరుకు వచ్చి పోశాలు పక్కన కూర్చుంటున్నాడు.

"మానుకోట బిడ్డ," అన్నాడు, ఆ పేరును నోట్లో చప్పరించినట్టు. "మానుకోటల నాకు తెల్వని బిడ్డ ఎవడు? సగం మంది లగ్గాలకు నేనే టెంటేస్తి. మిగిలిన సగం మంది ఇరువయ్యొక్క దినాల పురుడుకు నేనే ఏస్తి. ఎవడై ఉంటడు బేటా?"

పోశాలు తెర వైపే చూస్తూ తెలియదన్నట్టు తలాడించాడు.

రాసింది పోశాలే. ఆ సంగతి ఈ భూమ్మీద పోశాలుకు తప్ప నరమానవుడికి తెలియదు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. రెండు వేల పదకొండు సెప్టెంబరు. బడులు బంద్, బస్సులు బంద్, భూపాలపల్లిలో బొగ్గు బంద్, బొగ్గు లేక కరెంటు సగం బంద్. అన్నీ మూతబడిన ఊళ్లో జనంతో కిటకిటలాడేవి రెండే చోట్లు. ఒకటి చౌరస్తాలోని రిలే దీక్షా శిబిరం, రెండోది పోశాలు సెంటరు. శిబిరం మొదలై ఆరు వందల రోజులు దాటింది. రోజుకో కులసంఘం, రోజుకో వృత్తిసంఘం పొద్దున దండలు వేయించుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం. ఆ ఆరు వందల రోజులూ ఎండకూ వానకూ అడ్డంగా నిలబడ్డ షామియానా బాబామియా టెంటు హౌసుది. అద్దె మాట ఆయన ఎత్తలేదు, ఆయన ముందు ఎవరూ ఎత్తలేదు.

పోశాలుది భూపాలపల్లి. తండ్రి బొగ్గు బాయిల పనిచేస్తాడు. మేనమామ ఊరని మానుకోట వచ్చి ఆరేళ్లయింది. ఎనిమిది క్యాబిన్లు, ఒక ఇన్వర్టరు, ఒక జిరాక్సు మిషను. ఉద్యమంలో తన వంతుగా రోజూ శిబిరం ఫోటో తీసి ఒక ఉద్యమ వెబ్‌సైట్లో పెట్టేవాడు. ఆ సైటు ఎవరిదో, ఎక్కడినుంచి నడుస్తుందో అతనికీ తెలియదు. ఫోటో కింద ఎవరైనా కామెంటు రాయొచ్చు. పేరు పెట్టుకోవడానికి తల్లిదండ్రులు అక్కర్లేదు, పురుడు అక్కర్లేదు. గడిలో నాలుగక్షరాలు కొడితే చాలు, 'జనగామ సింహం' పుడుతుంది, 'భూపాలపల్లి బొగ్గు' రాజుకుంటుంది. ఎదురుపడితే "బాగున్నవా అన్నా" అని చేతులు కలిపే మనుషులే ఆ గడి ముందు కూర్చుంటే తల్లినీ చెల్లినీ వదలకుండా తిట్టేవారు.

ఎవరు ఏ ముసుగులో ఉన్నారో పోశాలుకు తెలుసు. అతని బల్ల మీది పెద్ద కంప్యూటర్‌లో ఎనిమిది క్యాబిన్ల తెరలూ కనబడతాయి. మూడో నంబరు క్యాబిన్లో రోజూ కూర్చునే డిగ్రీ కాలేజీ లెక్చరర్ 'గెరిల్లా' పేరుతో రాస్తాడు. ఆయన రాసే బూతులు కల్లు కంపౌండులో కూడా ఎవరూ మాట్లాడరు. బయటికొచ్చేటప్పుడు మాత్రం ఇస్త్రీ చొక్కా సర్దుకుని, ఎదురొచ్చిన బాబామియాకు "సలాం చిచ్చా" అని వంగి దండం పెడతాడు. అందరి మొహాలూ తెలిసినవాణ్ణని పోశాలుకు లోలోపల ఒక గర్వం ఉండేది. తన మొహం ఒకటి ఉందన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

గొడవకు మూలం బజ్జీలు. నిజంగానే బజ్జీలు. ఇంటర్నెట్, జిరాక్సు సెంటర్ల వాళ్ల వంతు వచ్చిన రోజున పోశాలు మెడలో బంతిపూల దండతో దీక్షలో కూర్చున్నాడు. రెండింటికల్లా కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. మూత్రానికని లేచి, టెంటు వెనక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటుంటే బాబామియా చూశాడు. టెంటు తాళ్లు బిగిస్తూ అందరికీ వినబడేలా, "ఆకలైతె లేచిపో బేటా, తప్పేమున్నది. దండేసుకొని బజ్జీలు తింటె దండకే ఇజ్జత్ పోతది," అన్నాడు. శిబిరమంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ రోజునుంచి పోశాలు ఎదురైతే కుర్రకారు "ఏం బజ్జన్నా" అనడం మొదలుపెట్టారు. పెళ్లి కావాల్సిన వాడు, ఇరవై ఎనిమిదేళ్ల వాడు, ఊరికి బజ్జన్న అయ్యాడు. ఆ మంట కడుపులో ఉండిపోయింది.

పదిహేను రోజుల తర్వాత ఒక వానపొద్దున పోశాలు ఫోటో తీద్దామని శిబిరానికి వెళ్తే, షామియానాలో ఒక భాగం లేదు. దీక్షలో కూర్చున్నవాళ్లు ఒక మూలకు జరిగి తడుస్తున్నారు. తిరిగి వస్తుంటే ఆ టెంటే ఆటోలో వెంకట్రాం ఇంటి ముందు దిగుతూ కనబడింది. వెంకట్రాం గూడూరు దిక్కు భూస్వామి, ఊళ్లో కాంట్రాక్టరు. నిరుడు స్టేషన్లో రాళ్లు లేచిన నాడు ప్రత్యేక రాష్ట్రం వద్దనే అవతలి పక్షానికి స్వాగత ఏర్పాట్లు చేసింది ఇతనేనని ఊరంతా ఉమ్మేసిన మనిషి. పోశాలు ఆగి ఎందుకని అడగలేదు. అడిగితే సరిపోయేది. సెంటరుకొచ్చి, కడుపులోని మంటనంతా వేళ్లలోకి తెచ్చుకుని, ఆ నాలుగు ముక్కలూ కొట్టాడు. పేరు గడిలో ఒక్క క్షణం ఆలోచించి 'మానుకోట బిడ్డ' అని పెట్టాడు. చల్లగా అనిపించింది. టీ చెప్పించుకుని తాగాడు.

టీ గ్లాసు కింద పెట్టేలోగా డప్పులు వినబడ్డాయి. వెంకట్రాం తల్లి, ఎనభై ఏళ్ల ముసలమ్మ, తెల్లారుజామున పోయింది. శవాన్ని వాకిట్లో వేశారు, పైన వాన. రాస్తారోకోలకూ వంటావార్పులకూ ఊళ్లోని టెంట్లన్నీ పోయాయి. ఉన్న ఒకరిద్దరు కూడా ఆ ఇంటికైతే ఇవ్వమన్నారు. బాబామియా దగ్గర ఒక ఆచారం ఉంది. తండ్రి నాటి నుంచీ ఉంది. చావింటి నుంచి కబురొస్తే పెళ్లి పందిరైనా సరే ఒక కొస విప్పి పంపుతారు. చచ్చినవాళ్లు ఎవరని అడగరు. పెళ్లివారు కూడా ఎన్నడూ కాదనలేదు. ఆ లెక్కనే శిబిరం టెంటులో ఒక భాగం విప్పాడు. కూర్చున్నవాళ్లకు చెప్పే విప్పాడు.

ఈ సంగతంతా పోశాలుకు అప్పుడే తెలిసింది. వెంటనే కామెంటు తీసేద్దామని చూశాడు. పేరు లేకుండా రాసినదాన్ని రాసినవాడు కూడా తీయలేడు. సైటు వాళ్లకు మెయిలు పెట్టాడు. 'ప్రజల గొంతు నొక్కడం మా విధానం కాదు' అని రెండు గంటల్లో జవాబొచ్చింది. అప్పటికి దాని కింద మరో పదకొండు గొంతులు లేచాయి.

ఇక దిద్దుబాటు మొదలుపెట్టాడు. 'చూసినోడు' అనే పేరుతో అసలు జరిగింది రాశాడు, చావింటికి ఇచ్చిండు, పైసా తీసుకోలేదు అని. "ద్రోహి ఇంట్ల పీనుగకు ఉద్యమం టెంటు గావాల్నా?" అని జనగామ సింహం అడిగింది. 'గూడూరు పుష్ప' అని ఆడమనిషి పేరుతో రాశాడు. 'రిటైర్డు ఉద్యోగి' అని రాశాడు. 'న్యాయం' అని రాశాడు. అప్పుడు గెరిల్లా కనిపెట్టాడు: "ఈ నలుగురి భాష ఒక్కతీరుగున్నది. ఒక్కడే నాలుగు పేర్లతోని రాస్తుండు. బాబామియా ఇంట్లనే కూసొని రాయిస్తుండు. మనుమరాలు ఇంటర్ సదువుతది గద." చదువుకున్న లెక్చరర్ కదా, సగం సరిగ్గానే కనిపెట్టాడు.

ఆ మనుమరాలు ఇక్రా. పదిహేడేళ్ల పిల్ల. ఆ రోజునుంచి కామెంట్లు ఆ పిల్ల మీదికి మళ్లాయి. అవి ఇక్కడ రాసేవి కావు. వాటిని పోశాలు బాబామియాకు చదవలేదు. కానీ ఎవడో పుణ్యాత్ముడు ప్రింటు తీసి వాళ్లింటి గోడకు అంటించి పోయాడు. ఇక్రా ట్యూషన్ మానేసి ఇంట్లో కూర్చుంది.

పోశాలు బల్ల దగ్గర కూర్చుని మూడో నంబరు తెర మీద ఆ రాతలు పుట్టడం చూశాడు. లేచి వెళ్లి ఆ లెక్చరర్ మెడ పట్టుకుని గెంటేయొచ్చు. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. గెంటితే, "మరి నువ్వు రాయలేదా" అని ఎవరో అడుగుతారనిపించింది. అడిగేందుకు ఆ సంగతి ఎవరికీ తెలియదు. అయినా అనిపించింది. తేలు కుట్టిన దొంగకు అరవడానికి నోరుండదు.

మూడో రోజు శిబిరం కమిటీ వాళ్లు మిగిలిన షామియానా కూడా విప్పి, ఆటోలో తెచ్చి బాబామియా షాపు ముందు దించిపోయారు. కింద బురద. కమిటీ కన్వీనరు బాల్‌సింగ్ సారు, సమ్మెలో ఉన్న స్కూలు టీచరు, మంచివాడే. "పబ్లిక్ ఊకుంటలేరు చిచ్చా. నాకు తెలుసు, నీకు తెలుసు. గాని పబ్లిక్‌కు ఎట్ల చెప్పాలె?" అన్నాడు తలొంచుకుని. గార్ల నుంచి ఒక పెళ్లివారు ముందే చెప్పుకున్న పందిరి వద్దని కబురు పెట్టారు. భూపాలపల్లి నుంచి పోశాలు తండ్రి ఫోన్ చేశాడు.

"మీ మానుకోటల ఎవడో ముసలోడు అమ్ముడువోయిండట గదరా? గీడ సమ్మె టెంటు కింద అందరు గదే ముచ్చట. ఫోన్ల సూపెట్టిండ్రు."

"అబద్ధం బాపు," అన్నాడు పోశాలు.

"నీకెట్ల ఎరుక?"

పోశాలు ఫోన్ పెట్టేశాడు. తను కడుపుమంట కొద్దీ విసిరిన బెడ్డ డెబ్బై మైళ్లు దొర్లి కన్నతండ్రి కాళ్ల దగ్గరికి చేరింది. 

బాబామియాకు ఒకటే పట్టుదల. రాసినవాడు ఎవడో తెలియాలి. "కొట్టనీకి గాదు బేటా," అనేవాడు. "ఇంటికి పోయి, ఇట్ల ఎదురుంగ కూసొని, జరిగింది చెప్తె అయిపాయె. మొఖం సూసి చెప్తె ఎవడైనా ఇంటడు. మొఖమే లేకపాయె, ఎవనికి చెప్పాలె?" అనుమానం వచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి, వాకిట్లో నిలబడి, "నువ్వు గాని రాసినవా నాయినా" అని అడిగేవాడు. అడిగించుకున్నవాళ్లకు కోపాలొచ్చాయి. ఇంకో టెంటు హౌసు నడిపే మంగీలాల్ అయితే, నా మీద పడ్డావా అని రోడ్డు మీదే అరిచాడు. ఆ గొడవ కూడా సాయంత్రానికి ఫోటోతో సహా సైటెక్కింది.

ఒకరోజు చదువుతుంటే ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పోశాలు జేబులోంచి దస్తీ తీసి ఇచ్చాడు. ఆయన తుడుచుకుని, మడత పెట్టి తిరిగిచ్చి, "ఈ ఊర్లె నువ్వొక్కనివి లేకపోతె నేను పిచ్చోణ్ని అయితుంటి," అన్నాడు. పోశాలుకు ఆ నిమిషంలో భూమి చీలితే బాగుండుననిపించింది. నేనే చిచ్చా అని నోటిదాకా వచ్చింది. క్యాబిన్లలో ఎనిమిది మంది ఉన్నారు. అంతకు ముందు వారమే, ద్రోహి అన్న మాట పడ్డ ఒక దుకాణం షట్టరును జనం రాళ్లతో సొట్టలు పెట్టారు. పోశాలు తన ఎనిమిది కంప్యూటర్ల వంక చూసి నోరు మూసుకున్నాడు.

తొమ్మిదో రోజున గెరిల్లా కొత్త మాట లేపాడు: "దమ్ముంటె కురవి ఈరన్న ముందట తడిబట్టలతోని ప్రమాణం చెయ్యుమనుండ్రి." దాని కింద గంటలో నూటా ఇరవై మంది తల ఊపారు. ఆ దిక్కున దొంగతనమైనా, పొలం గెట్టు తగాదా అయినా, ఆఖరి మాట అదే. కురవి వీరభద్రస్వామి ముందు తల మీదినుంచి నీళ్లు పోసుకుని చెప్పిన మాటకు తిరుగుండదు. అబద్ధమాడినవాడికి పుట్టగతులుండవని ఊళ్లలో గట్టి నమ్మకం. బాబామియా మసీదులో ఖురాను మీద చెయ్యేసి చెబుతానన్నాడు. "అది మీలో మీకు. మాకెట్ల నమ్మకం?" అన్నారు. అయితే కురవికే వస్తానన్నాడు. అనగానే మసీదులో పక్కన నిలబడే వాళ్లు పక్కకు జరిగారు. ఒకరిద్దరు సలాం కూడా మానేశారు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఆ సాయంత్రం పోశాలు, ఏదైతే అదైందని, చెప్పేద్దామనే బాబామియా ఇంటికి వెళ్లాడు. ఆయన లేడు. భార్య లతీఫా బేగం గడపలో కూర్చుని ఉంది.

"నువ్వన్న చెప్పు బిడ్డా," అంది ఆమె. "షుగర్ మనిషి. తడిబట్టలతోని నిలబడ్తె జ్వరమొస్తది. అది గాక, యాభై ఏండ్ల సంది కలిసి నమాజు జేసినోళ్లు దూరమైతుండ్రు. అటు కాకుంట, ఇటు కాకుంట అయిపోతడు. నీ మాటైతె ఇంటడు. రోజు నీ పేరే చెప్తడు."

"చెప్త చిన్నమ్మా," అన్నాడు పోశాలు. ఆమె లోపలికి వెళ్లి గిన్నెలో సేమియా తెచ్చిచ్చింది. తిన్నాడు. తిని, ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చాడు. ఇంతకన్నా నీచం ఇంకేం ఉంటుందో నాకైతే తెలియదు.

మర్నాడు పొద్దున నాలుగు ఆటోలలో కురవి పోయారు. కమిటీ వాళ్లు, ఊరి పెద్దలు, వింత చూసేవాళ్లు కలిసి పాతిక మంది. పోశాలును బాల్‌సింగ్ సారే రమ్మన్నాడు. "నువ్వు వీడియో తియ్యి. సైట్ల పెట్టాలె. గప్పుడుగాని నోర్లు మూతవడయి." లెక్చరర్ కూడా వచ్చాడు. బాబామియా చెయ్యి పట్టుకుని ఆటో దించింది అతనే.

గుడి బయట పంపు కింద బాబామియా కూర్చున్నాడు. బాల్‌సింగ్ సారు బకెట్టుతో తల మీదినుంచి నీళ్లు పోశాడు. తెల్ల లాల్చీ ఒంటికి అంటుకుపోయి పక్కటెముకలు కనబడ్డాయి. పళ్లు టకటకమంటున్నాయి. టోపీ తీసి పిండుకుని మళ్లీ పెట్టుకున్నాడు. గుడి ద్వారానికి ఎదురుగా నిలబడ్డాడు. పోశాలు కెమెరా ఎత్తి పట్టుకున్నాడు.

"షురూ చెయ్యి చిచ్చా," అన్నాడు సారు.

"ఆపుండ్రి," అన్నాడు పోశాలు.

అందరూ ఇటు తిరిగారు.

"ఆపుండ్రి సార్. అది రాసింది నేను. మానుకోట బిడ్డను నేనే. చావింటికని తెల్వక రాసిన. తెల్సినంక తీసేద్దామంటె తియ్యరాలె. చిచ్చాది ఏం తప్పులేదు. నన్ను కొట్టుండ్రి, సంపుండ్రి, ఆయనను ఇంటికి తోలియ్యుండ్రి."

 పది రోజుల బరువు దిగి పోశాలు ఒళ్లు తేలికైంది. ఇప్పుడు ఎవడు కొట్టినా హాయిగా తింటాడు.

"సాక్ష్యమేంది?" అన్నాడు బాల్‌సింగ్ సారు.

ఆ మాట పోశాలు ఊహించలేదు. "సాక్ష్యమేంది సార్, నేనే చెప్తున్న గద."

"ఆ పేరు మీద నలబై మంది రాసిండ్రు పోశాలు. నేను సదివిన. ఎవడు వడితె వాడు మానుకోట బిడ్డ అని పెట్టుకుంటుండు. మొదలు రాసింది నువ్వే అనేదానికి ఏమున్నది? పాస్‌వర్డ్ ఉన్నదా?"

లేదు. ఏమీ లేదు. పేరు లేకుండా రాయడంలోని సుఖమంతా అదే కదా, నువ్వేనని ఎవరూ పట్టుకోలేరు. నేనేనని నువ్వు మొత్తుకున్నా నిరూపించుకోలేవన్నది ఇవాళే తెలిసింది.

"బజ్జీలు," అన్నాడు పోశాలు, మునిగేవాడు చేతికందిన దాన్ని పట్టుకున్నట్టు. "చిచ్చా, నువ్వు నన్ను బజ్జీల కాడ అందరి ముందట అంటివి. అందరు నవ్విరి. గా కోపంతోని రాసిన."

బాబామియా వణుకుతూనే కళ్లు చిట్లించి చూశాడు. "ఏం బజ్జీలు బేటా?"

ఆయనకు గుర్తు కూడా లేదు.

ఈలోగా వెనకనుంచి ఒకడు వచ్చి పోశాలు కాలరు పట్టుకున్నాడు. "రాసినోడైతె కాళ్లిరగ్గొడుదాం, రాయనోడైతె ఈ నాటకమెందుకో అడుగుదాం," అన్నాడు. ఇంకొకడు చెంప మీద ఒక్కటిచ్చాడు. "ముసలోడు ఎంతిచ్చిండురా నీకు?" అన్నాడు లెక్చరర్, మొదటిసారిగా ముసుగు లేకుండా, తన సొంత నోటితో.

బాబామియా తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు. పోశాలును వెనక్కు తోసి తన ఒళ్లు అడ్డం పెట్టాడు. ఆయన లాల్చీ నీళ్లతో పోశాలు చొక్కా తడిసింది.

"ఇడువుండ్రి పిలగాణ్ని," అన్నాడు. "నేను తడుస్తున్న అని పానం గుంజి తప్పు తన మీదేసుకుంటుండు. గంతే. నేనే ప్రమాణం చేస్త, రెండు చేస్త, ఇనుండ్రి."

గుడి వైపు తిరిగి చేతులు చాపాడు.

"ఈరన్నా, నేను సాయిబును. నీ జాతరకు ముప్పై ఏండ్లు పందిళ్లేసిన, నన్ను నువ్వెరుగుదువు. వెంకట్రాం తల్లి సావుకు టెంటిచ్చినందుకు నేను ఒక్క పైసా ముట్టలె. ముట్టుంటె నా రెండు కండ్లు పోవాలె. ఇగ రెండోది. ఈ పోశాలు నా మీద ఒక్క అక్షరం రాయలె. ఇది అబద్ధమైతె గూడ నా రెండు కండ్లు పోవాలె."

"వద్దు చిచ్చా, గట్లనకు," అని పోశాలు అరిచాడు. అప్పటికే అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. బాల్‌సింగ్ సారు కళ్లు తుడుచుకుని బాబామియాకు తన కండువా కప్పాడు. ఎవరో పోశాలును కూడా కౌగిలించుకుని, "కొడుకంటె నువ్వురా," అన్నాడు. లెక్చరర్ అందరికన్నా ముందు వెళ్లి ముసలాయన కాళ్లు మొక్కాడు. రేపటినుంచి టెంటు మళ్లీ చౌరస్తాలో వేయాలని అక్కడికక్కడే తీర్మానం అయింది. కెమెరా కింద మట్టిలో పడి ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. అన్నీ అందులో ఉన్నాయి.

ఊరు నమ్మింది. బాబామియా గెలిచాడు. జన్మలో అబద్ధమాడని మనిషి ఒకే ఒక్క అబద్ధమాడాడు, అదీ నిజమనుకుని, అదీ తన కళ్ల మీద ఒట్టేసి. ఆ అబద్ధం పోశాలు.

తిరుగు ప్రయాణంలో ఆటో వెనక సీట్లో ఇద్దరే ఉన్నారు. గాలికి ముసలాయన కండువాను గట్టిగా చుట్టుకున్నాడు. మొహం ఎన్నో రోజుల తర్వాత తేటగా ఉంది.

"చిచ్చా," అన్నాడు పోశాలు.  "ఇప్పుడు ఎవ్వరు లేరు. ఇప్పుడన్న నమ్ము. నేనే రాసిన. పోయి ఆ ఒట్టు ఎనుకకు తీసుకో. నీ కాళ్లు మొక్కుత."

బాబామియా నవ్వాడు. చల్లటి చేత్తో అతని చెంప మీద, దెబ్బ తగిలిన చోట నిమిరాడు.

"పిచ్చోడా. పది దినాలు నా పక్కన కూసొని సదివినవు. నేనేడ్తె దస్తీ ఇచ్చినవు. నా ఇంట్ల సేమియా తిన్నవట. రాసినోడే అయితె గివన్ని చేస్తడా బేటా? మనిషి పుటుక పుట్టినోనికి గంత గుండె ఉంటదా?"

ఉంటది చిచ్చా అని చెప్పడానికి పోశాలు నోరు తెరిచాడు. ఈలోగా అలసిపోయిన ముసలాయన అతని భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. దేవుడంటే ఏనాడూ నమ్మకం లేని పోశాలు మానుకోట వచ్చేదాకా ఆ మూసిన రెప్పల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి కళ్లు తెరువు చిచ్చా అని లేపాలని ఉంది. లేపడానికి భయమేసింది.